ముద్దెమాలు

సడవలి తెలుగులో ఏడుస్తాడు,
నేను మరాఠీలో రాస్తాను.
సిరొంచ తాలూకాలో నా నౌకరీ అంతే.
"మూడెకరాల పెసర మొత్తం బుక్కినయ్ సారూ" అన్న మాట
కాగితం మీదికి ఎక్కేసరికి
"పాక్షిక నష్టం, ముప్పై మూడు శాతం లోపు."
ముప్పై మూడు దాటితే డబ్బులివ్వాలి.
దుప్పులకు శాతాలు రావు.
అయినా ఎవరో కూర్చోబెట్టి నేర్పినట్టు
ప్రతి చేనులోనూ
ముప్పై రెండు దగ్గరే మేత ఆపేస్తాయి.

వైశాఖ పున్నమికి మమ్మల్ని మంచెలెక్కించి లెక్కపెట్టించారు.
నీళ్ళ గుంట దగ్గర నేను చూసినవి పదకొండు.
పన్నెండోది రాయి అనుకున్నాను,
తెల్లారుజామున లేచి వెళ్ళిపోయింది.
పన్నెండు అని రాశాను.
అహేరి చేరేసరికి నూట ఇరవై,
గడ్చిరోలిలో పన్నెండు వందలు.
అభయారణ్యం కావాలన్న నాయకుడు ఆ అంకె చూపి
సఫారీ జీపులు తెద్దామన్నాడు.
వేట కావాలన్న అన్నాసాహెబ్ అదే అంకె చూపి
తుపాకులు తెద్దామన్నాడు.
పరిహారం ఫైల్లో మాత్రం
"ఈ భాగంలో దుప్పుల సంచారం స్వల్పం."

ఎన్నికల ఏడాది. తుపాకులు గెలిచాయి.

నాగపూర్ నుంచి ముగ్గురు షూటర్లు దిగారు
ఆకుల బొమ్మల చొక్కాలతో.
ఆకు రాలిన ఎండాకాలపు అడవిలో
పచ్చగా కనిపించింది వాళ్ళొక్కరే.
దారి చూపడానికి నైతం పోచును పిలిపించారు.

ఆరేళ్ళ కింద
దుప్పి తొడ ఒకటి ఇంట్లో దొరికి
పోచు తొంభై మూడు రోజులు లోపలున్నాడు.
బిడ్డ తొట్టెల నాడు కుండలో జొన్నలు కూడా లేవని
అతను చెప్పాడు, నేను విన్నాను.
రాసింది మాత్రం
"నిందితుడు వేటకు అలవాటు పడినవాడు."

ఈసారి రేంజర్ కుర్చీ వేశాడు,
టీ ఇచ్చాడు, సాసరుతో సహా.
ప్రభుత్వ అనుమతి చదివి వినిపించాడు: ఇరవై అయిదు తలలు.
పోచు టీని సాసర్లో పోసి, ఊది, చప్పరించి
"నా భర్మారు ఏడున్నది సారూ?" అన్నాడు.
అహేరి కోర్టు గదిలో,
మెడకు నెంబరు చీటీ కట్టుకుని.
ముద్దెమాలు. కేసు తేలేదాకా కదలదు.
"మరి ఆ తొడ?"

అదీ ముద్దెమాలే.
ఎవరూ మాట్లాడలేదు.
రేంజర్ బిస్కెట్ల ప్లేటు అతని వైపు జరిపాడు.
ఆ రాత్రి ఆఫీసులో కూర ఎవరు కలిపారో
పంచనామాలో నేను రాయలేదు.
కొంచెం ఉప్పెక్కువైందని
నాకింకా గుర్తుంది.

పొద్దున్నే అన్నాసాహెబ్ కొబ్బరికాయ కొట్టి
మొదటి తూటా తనే పేల్చాడు.
మెడలో దండ నుంచి ఒక బంతిపువ్వు రాలింది,
ఇంకేమీ రాలలేదు.
మంద తలెత్తింది.
షూటర్లు గురి చూస్తుండగా
పోచు గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది.
దగ్గు కావచ్చు.
పులిని చూసిన కొండముచ్చు అట్లాగే దగ్గుతుంది.
దుప్పులు ఒక్క ఉదుటున ప్రాణహితలోకి దూకాయి.
మోకాటి లోతు నీళ్ళు,
ఎగసిన తుంపరలో ఒంటి చుక్కలేవో నీటి చుక్కలేవో
పోల్చుకునే లోపే నది నడిమధ్య దాటాయి.
అక్కడి నుంచి అవి తెలంగాణవి.
పర్మిట్ మహారాష్ట్రది.
షూటర్లు తుపాకులు దించి
నీళ్ళ బాటిళ్ళ మూతలు తీశారు.

"ఎన్ని పోయినయ్?" అన్నాడు అన్నాసాహెబ్.
"ఇరవై అయిదు దాకా."
"రాసుకో."
రాశాను. నిర్మూలన ఇరవై అయిదు. లక్ష్యం పూర్తి.
పోచు రెండొందలకు వేలిముద్ర వేసి
సిరా మరకను నెమ్మదిగా
రేంజర్ కుర్చీ చేతికి తుడిచి పోయాడు.

రాత్రి చల్లబడ్డాక దుప్పులు తిరిగొచ్చాయి.
తెల్లారి సడవలి మెట్ల మీద కూర్చున్నాడు,
ఒళ్ళో సగం కొరికిన మొక్కజొన్న కర్ర.
నిన్నటి కాగితం సంగతి అప్పటికే ఊరంతా పాకింది.
"సచ్చిన దుప్పులు మేసినయని రాయి సారూ."

పెన్ను మూత తీసి ఉంది.
దానికి మరాఠీలో ఏమంటారో
ఇంకా వెతుకుతున్నాను.